గడ్డి పంపిణీలో గుర్రానికీ వాటా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరే కొద్దీ పశుగ్రాసం కొరత గురించి పత్రికల్లో వార్తలు మొదలవుతాయి. ఆవులు, గేదెలు, గొర్రెల గురించి రాస్తారు, రాయాలి కూడా. గుర్రం మాట మాత్రం ఎక్కడా కనిపించదు. నెల్లూరు, కావలి, ఒంగోలు వీధుల్లో పెళ్లి ఊరేగింపులకు వచ్చే గుర్రాలను ఒకసారి జరీ గుడ్డ పక్కకు తీసి చూడండి. చాలావాటికి పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు.

మా నాన్న కావలి రైల్వే స్టేషను దగ్గర జట్కా తోలేవారు. నేను పశువైద్య సహాయకుడిగా పనిచేసి విరమించాను. పోయిన వేసవిలో మా వీధి కుర్రాడొకడు తన గుర్రం చిక్కిపోతోందని దిగులుపడితే, అతనితో కలిసి పశుసంవర్ధక శాఖ గడ్డి పంపిణీ కేంద్రం ఒకదానికి వెళ్లాను. పాడి పశువులకే ఇస్తామన్నారు. ఆ కుర్రాడు ఇంటికి వెళ్లి, ప్రేమకొద్దీ, ఉలవలు రెట్టింపు చేశాడు. నాలుగో రోజు గుర్రం కడుపునొప్పితో నేల మీద పొర్లింది. రాత్రంతా నడిపించి, డాక్టరును పిలిపించి బతికించుకున్నాం.

‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అన్నారు పెద్దలు. ఆ సామెతను పట్టుకుని చిక్కిన గుర్రానికి దాణా పెంచుతూ పోతే ప్రాణం మీదికి వస్తుంది. గుర్రానికి పొట్ట చిన్నది. ఒకేసారి పోసిన గింజల్లోని పిండిపదార్థం సరిగ్గా అరగక పెద్దపేగులోకి జారి అక్కడ పులుస్తుంది. కడుపునొప్పి, గిట్టల వాపు అలాగే వస్తాయి. పీచు సంగతి వేరు. ఆవు నెమరువేసి పొట్టలోనే గడ్డిని పులియబెట్టుకుంటే, గుర్రం ఆ పనిని పెద్దపేగులోని సూక్ష్మజీవులకు అప్పగిస్తుంది. అవి నెమ్మదిగా ఇచ్చే శక్తితోనే గుర్రం ఒళ్లు చేస్తుంది. పైగా దాని పొట్టలో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి మేత లేకుండా కట్టేస్తే పుండ్లు పడతాయి.

మూడువందల కిలోల గుర్రానికి రోజుకు ఆరు కిలోల ఎండు మేత అయినా కావాలి. కండ పట్టాలంటే ఇంకొంచెం ఎక్కువే. మన దగ్గర సులువుగా దొరికేది వరిగడ్డి. అది కడుపు నింపుతుందే తప్ప బలం తక్కువ. నీళ్లు చాలకపోతే పేగులో ఉండ కడుతుంది కూడా. దానికంటే బూజు, ఇసుక లేని వేరుశనగ కట్టె, అంటే కాయలు కోశాక మిగిలే ఎండు మొక్క, ఎన్నో రెట్లు మేలు. మా నాన్న చెరువు కట్టల మీది గరిక కోయించి, దులిపి, ఆరబెట్టి వేసేవారు. ఈ రోజుకీ గుర్రానికి అంతకు మించిన గడ్డి లేదని నా అభిప్రాయం. నీటి వసతి ఉన్నచోట లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత వేసుకుంటే మాంసకృత్తులు, సున్నం (కాల్షియం) రెండూ అందుతాయి. మొత్తం మేతలో మూడో వంతు లూసర్న్ కలిపినా తేడా కనిపిస్తుంది. ఏ మేతైనా పది, పదిహేను రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. అంతకంటే ముందు పదునెక్కిన పళ్ల అంచులు అరగదీయించి, నులిపురుగుల మందు వేయించాలి. నమలలేని గుర్రానికి ఏం పెట్టి ఏం లాభం?

పాడి పశువుకు మంచి చేసేదంతా గుర్రానికి మంచిది కాదని చాలామందికి తెలియదు. పాడి పశువుల కోసం పెంచే సూపర్ నేపియర్ గడ్డినే రోజూ మేపితే అందులోని ఆక్సలేటు సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు. తవుడు కూడా ఎక్కువైతే అంతే, ముఖం ఎముకలు ఉబ్బిపోతాయి. మన ప్రాంతంలో గట్ల మీదంతా ఉన్న సుబాబుల్ ఆకు అలవాటుగా వేస్తే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. అన్నిటికంటే భయంకరమైనది మోనెన్సిన్. కొన్ని కోళ్ల దాణాల్లో, పశువుల దాణాల్లో కలిపే ఈ మందు కొద్దిగా పోయినా గుర్రం గుండె దెబ్బతిని చనిపోతుంది. ‘గుర్రాలకు పెట్టరాదు’ అని అలాంటి దాణా బస్తాల మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ముద్రించడానికి ఎంత ఖర్చవుతుంది?

2019 పశుగణనలో దేశంలోని గుర్రాలు సుమారు 3.4 లక్షలని తేలింది. అంతకు ముందు, 2012లో, అవి 6.25 లక్షలు. ఏడేళ్లలో దాదాపు సగం తగ్గాయి. తలలు లెక్కపెట్టడానికి ఇంటికి వచ్చే శాఖ, వేసవిలో గడ్డి ఇచ్చేటప్పుడు వాటిని ఎందుకు మరచిపోవాలి? చాలినంత మేత పెట్టకపోవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. యజమాని మీద కేసు పెట్టే ముందు అతనికి గడ్డి దొరికే దారి చూపాలి కదా.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పశుసంవర్ధక అధికారులు ఈ వేసవి పంపిణీ జాబితా సిద్ధం చేసేటప్పుడు గుర్రాల యజమానుల పేర్లు కూడా రాసుకోవాలని, వాళ్లకు ఎండు వేరుశనగ కట్టె, లూసర్న్ విత్తనం రాయితీ మీద ఇవ్వాలని, పశువైద్య శిబిరాల్లో ఒక పూట గుర్రాల పళ్లు చూడటానికి కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత పశువైద్య సహాయకుడు, కావలి