కిటికీ తెరుచుకోని గదికి నా సంతకం

సంపాదకుడు గారికి,

నమస్కారం. "బడులు తెరిచేందుకు సర్వం సిద్ధం" అని, కరోనాతో మూతపడ్డ బడుల మీద పోయిన ఆదివారం మీరు వేసిన వార్త గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాయాల్సింది. కోపం చల్లారాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను, చల్లారలేదు.

వార్త పక్కన ఫోటో కూడా వేశారు. అధికారి గారు ఒక పిల్లాడి నుదుటికి థర్మామీటర్ గురిపెట్టి చిరునవ్వుతో నిలబడ్డారు. (మాస్కు గడ్డం కిందికి దిగి ఉండబట్టి నవ్వు కనబడింది.) వాళ్ల వెనక గోడకు ఒక కిటికీ ఉంది. మీ ఫోటోగ్రాఫర్ గమనించారో లేదో, అది మూసి ఉంది. సర్వం సిద్ధమైన గదిలో!

నేను లెక్కల టీచర్ని. మా అబ్బాయి చదివేది కూడా మా బడిలోనే, ఏడో తరగతి, నా క్లాసే. అందుకని ఈ వారం నాది రెండు వైపులా ఉద్యోగం. క్లాస్ టీచర్‌గా 42 అంగీకార పత్రాలు వసూలు చేయాలి. తల్లిగా అందులో ఒకటి నింపి నాకు నేనే ఇచ్చుకోవాలి.

ఆ పత్రం ఎవరు తయారు చేశారో గానీ, అసలు సంగతి మాత్రం మర్చిపోలేదు. "మా ఇష్టపూర్వకంగానే పంపుతున్నాము, వ్యాధి సోకినచో పాఠశాలకు గాని శాఖకు గాని ఎటువంటి బాధ్యత లేదు" అని రెండు చోట్ల ఉంది, రెండు చోట్లా సంతకం కావాలి. గదిలో ఎంతమందిని కూర్చోబెడతారు, ఒకరికి జ్వరమొస్తే మిగతా ఇళ్లకు ఎవరు కబురు చేస్తారు, టీచరే పడకేస్తే క్లాసు ఎవరు చూస్తారు, వీటి గురించి ముక్క లేదు. నిర్ణయం తల్లిదండ్రులకే వదిలేశామని అధికారులు గొప్పగా చెబుతున్నారు. వదిలేసింది నిర్ణయం కాదండీ, నింద.

మొన్న రాత్రి ఒక తల్లి ఫోన్ చేసింది. వాళ్లింట్లో ఆయాసంతో బాధపడే పెద్దావిడ ఉంది. పావుగంట అదీ ఇదీ మాట్లాడి, చివరికి "మీరైతే పంపుతారా మేడమ్?" అంది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, జవాబు తెలియని ప్రశ్నకు ఇంత సేపు నీళ్లు నమలడం ఇదే మొదటిసారి. "మా వాడి ఫారం కూడా ఇంకా నింపలేదమ్మా" అన్నాను. ఆవిడకు అందులో ఏం ధైర్యం దొరికిందో తెలియదు.

ఇక లెక్కలకు వద్దాం. మా గది ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. పిల్లల మధ్య ఆరడుగుల దూరం ఉండాలన్నారు. గోడలకు ఆనించి కూర్చోబెట్టినా వరసకు నలుగురు, నాలుగు వరసలు, మొత్తం 16 మంది. సరి సంఖ్య రోల్ నంబర్లు ఒక రోజు, బేసి సంఖ్యలు ఒక రోజు రమ్మన్నారు కాబట్టి రోజుకు 21 మంది వస్తారు. మిగిలిన ఐదుగురు ఎక్కడ కూర్చోవాలో సర్క్యులర్‌లో లేదు. బల్లకూ నాకూ కూడా కాస్త చోటు కావాలని ఎవరికీ తట్టినట్టు లేదు. నేల మీద పసుపు రంగుతో 21 వలయాలు మాత్రం చక్కగా గీసి వెళ్లారు. టేపు పెట్టి కొలిచాను. వలయానికీ వలయానికీ మధ్య నాలుగడుగులు.

కిటికీ సంగతి చెప్పాలి. మా గదికి రెండున్నాయి. వరండా వైపుది తెరుచుకుంటుంది. బయటి గాలి రావాల్సిన రెండోది తెరుచుకోదు. రెక్కలనూ చట్రాన్నీ కలిపి ఎప్పుడో రంగు వేసేశారు, గొళ్లెం మీద రంగు పేరుకుని రాయిలా బిగిసింది. మొన్న స్కేలు అంచుతో గీకి చూశాను. తెలుపు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ, దాని కింద తుప్పు. అంటే మూడుసార్లు రంగులు వేయించిన వాళ్లు ఒక్కసారీ తెరిచి చూడలేదు. నేనూ ఇన్నేళ్లు అడగలేదు, నా తప్పు ఒప్పుకుంటాను. ఇప్పుడు అడిగాను. శానిటైజర్‌కు పద్దు ఉందట, థర్మామీటర్లకు ఉందట, వలయాల రంగుకు ఉందట. కిటికీకి లేదట. వడ్రంగికి గంట పని!

జ్వరం రాకముందే ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకోగలదని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా నుదుటికి తుపాకీ పెడితే చాలన్నట్టు ఉంది వరస. గాలి సంగతి పట్టించుకోండి మొర్రో అని 239 మంది శాస్త్రవేత్తలు 2020 జూలైలోనే బహిరంగ లేఖ ప్రకటించారు. వాళ్లు రాస్తేనే కదలని వాళ్లు నా ఉత్తరానికి కదులుతారా అనే అనుమానం నాకూ ఉంది. 2020 మే నెలలో జెరూసలేంలో ఒక హైస్కూల్ తెరిచారు. తరగతికి 35కు పైనే పిల్లలు. ఎండలు మండుతున్నాయని మూడు రోజులు మాస్కులు మినహాయించారు, ఏసీలు ఆగకుండా నడిచాయి. తర్వాత పరీక్షలు చేస్తే 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి సోకినట్టు తేలింది. అంతకు నెల ముందే, ఏప్రిల్ 15న, డెన్మార్క్ చిన్న తరగతులు తెరిచింది. పిల్లలను చిన్న చిన్న గుంపులు చేసి, వీలైనంత వరకు ఆరుబయట పాఠాలు చెప్పారు. ఇదేమైనా కొత్తగా కనిపెట్టిందా? క్షయ భయం ఉన్న రోజుల్లో, 1908లో, అమెరికాలోని ప్రావిడెన్స్‌లో ఇద్దరు మహిళా డాక్టర్ల చొరవతో ఒక గది గోడ తీయించి పైనుంచి కింది దాకా తెరుచుకునే కిటికీలు పెట్టించారు. చలికాలంలో పిల్లలు దుప్పట్లు కప్పుకుని చదువుకున్నారు. వాళ్లు గోడే తీశారు. మేము గొళ్లెం తీయమంటున్నాం.

నన్ను బడులు తెరవొద్దనే వాళ్లలో కలపకండి. ముందు బల్ల మీద కూర్చునే ఒకబ్బాయి ఉండేవాడు, ప్రశ్న బోర్డు మీద పూర్తికాకముందే జవాబు చెప్పేసేవాడు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్, అది పగలంతా తండ్రితో పనికి వెళ్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు మసక వెలుతురులో తీసిన లెక్కల ఫోటోలు వచ్చేవి. కొన్నాళ్లకు అవీ ఆగిపోయాయి. ఇంటి నుంచి చదువు అందని పిల్లలు ప్రపంచంలో కనీసం 46.3 కోట్ల మంది అని యునిసెఫ్ 2020 ఆగస్టులో చెప్పింది. ఆ లెక్కలో మా క్లాసు వాళ్లు ఏడుగురు ఉన్నారు. ఆ ఏడు ఇళ్ల నుంచీ పత్రాలు ఇచ్చిన రోజే సంతకాలతో తిరిగొచ్చాయి. చదివి పెట్టిన సంతకాలు కావవి. చదివి భయపడే వెసులుబాటు వాళ్లకు లేదు.

ఈ సర్క్యులర్ల గురించి కూడా ఒక మాట. వారంలో నాలుగు వచ్చాయి, నాలుగూ రాత్రి పది దాటాకే, వాట్సాప్‌లో. రెండోది మొదటిదాన్ని రద్దు చేసింది, మూడోది రెండోదాన్ని సవరించింది, నాలుగోది దేని గురించో ఎవరికీ అర్థం కాలేదు. "విద్యార్ధులు యొక్క తల్లితండ్రులు"ట! విద్య నడిపే శాఖ ఇది. మా ఏడో తరగతి పిల్లలు ఇలా రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుడతాను. పిల్లలు నేరుగా బడికి రావాల్సిందేనని తీర్మానించిన ఆ ఉన్నతస్థాయి సమావేశం ఎలా జరిగిందో తెలుసా? ఆన్‌లైన్‌లో. ఎవరి ఇంట్లో వాళ్లు, భద్రంగా.

మీ పత్రికనూ ఒకటి అడగాలి. 1937లో పోలియో భయంతో షికాగోలో బడులు తెరవడం ఆలస్యమైతే పాఠాలు రేడియోలో చెప్పారు. ఏ రోజు ఏ పాఠమో, ఏం చేయాలో పత్రికలు అచ్చువేశాయి. మీరు ఈ ఏడాదంతా అధికారుల ఫోటోలు అచ్చువేశారు. రోజుకు అరపేజీ లెక్కలు వేసి ఉంటే ఆ ముందు బల్ల అబ్బాయికి ఫోన్ అవసరం పడేది కాదేమో.

రేపే గడువు. 41 పత్రాలు చేతికొచ్చాయి, ముప్పై సరే అన్నవి, పదకొండు వద్దన్నవి. నలభై రెండోది నా సంచిలో ఖాళీగా ఉంది. పొద్దున్నే సుత్తి, ఉలి తీసుకుని బడికి వెళ్తున్నాను. బడి ఆస్తి పాడుచేశానని మెమో ఇస్తే దాని నకలు మీకు పంపుతాను, వేసుకోండి. తెరిచిన కిటికీ ఫోటో కూడా జత చేస్తాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)