మంచు జోరుగా పడితే పైకి కాదు, చెట్లలోకి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం పేజీలో ఆల్ప్స్ టూర్ల గురించి వేశారు, బాగుంది గానీ ఫొటోలన్నీ నీలాకాశమే, మంచు దంచికొట్టే రోజు స్కీయింగ్ ఎక్కడ చేయాలో ఒక్క ముక్క లేదు. మన హైదరాబాద్ నుంచి సంక్రాంతి సెలవులకి వెళ్ళేవాళ్ళు ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

అక్కడ సుమారు 2000 మీటర్లు దాటితే చెట్లు దాదాపు ఉండవు, మంచు పడుతుంటే నేలా ఆకాశం ఒకటే తెలుపు, ముందు గుంటో దిబ్బో కనపడదు, నిలబడ్డా కళ్ళు తిరిగినట్టుంటది, గాలి ఎక్కువైతే మనల్ని కొండ మీదికి చేర్చే పై లిఫ్టులు ఆపేస్తారు కూడా. అందుకే అడవి మధ్యలోంచి దిగే రన్లు, అంటే స్కీయింగ్ దారులు, పట్టుకోవాలి. నల్లటి మానులు పక్కనుంటే వాలు ఎటుందో కంటికి ఆనుతది, గాలీ తగ్గుతది. ఫ్రాన్స్‌లో షమోనీ వెళ్తే లెజూష్ వైపు, కూర్షెవెల్‌లో అయితే లె ప్రా, లా తానియా ఊళ్ళ వైపు. గాగుల్స్‌కి నల్ల లెన్స్ వద్దు, పసుపో గులాబీయో బెటర్.

చెట్లున్నాయి కదా అని గుర్తులు పెట్టిన రన్ వదిలి లోపలికి దూరేవాళ్ళుంటారు, మనోళ్ళకి ఆ సరదా కాస్త ఎక్కువే. మాను మొదట్లో మెత్తటి మంచు కింద గొయ్యి ఉంటది, తలకిందులుగా పడితే ఒంటరిగా బయటికి రావడం చాలా కష్టం. మంచు చరియలు విరిగిపడే ప్రమాదానికి 1 నుంచి 5 దాకా స్థాయిలుంటాయి, పొద్దున్నే ఆ స్థాయి చూపే బోర్డు చూడాలి. అవసరమైతే అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 112కి ఫోన్ చేయాలి.

ఈసారి ఇలాంటివి కూడా చిన్న బాక్సులో వేయండి సార్.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్