ఒప్పందంలో ఊరి సంతకం కూడా ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

వ్యాపార సంస్థలు ప్రజలతో కలిసి చేపట్టే సామాజిక, పర్యావరణ కార్యక్రమాల వార్తలు పత్రికల్లో తరచూ చూస్తున్నాం. ఆ పనులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ వార్తల్లో సంస్థ పేరు, ఖర్చయిన మొత్తం, ప్రారంభోత్సవం ఫొటో ఉంటాయి గానీ, ఆ పని కావాలని ఎవరు అడిగారో, మధ్యలో ఆగిపోతే ఎవరిని నిలదీయాలో ఉండదు. లబ్ధిదారులని పేరు పెట్టాక ఇచ్చింది పుచ్చుకోవడమే తప్ప అడిగే హక్కు వారికి మిగలదు.

ఇందుకు భిన్నంగా జరిగిన ఉదంతం ఒకటి ఫ్రాన్స్‌లో ఉంది. ఆ దేశ ఈశాన్య ప్రాంతంలోని విట్టెల్‌లో మొక్కజొన్న సాగు, పశుపోషణ విస్తరించడంతో, అక్కడి మినరల్ వాటర్ కంపెనీ నమ్ముకున్న ఊటల్లోకి ఎరువులు, పేడ నుంచి వచ్చే నైట్రేట్లు చేరే ప్రమాదం 1980ల చివరికి స్పష్టమైంది. 1989లో మొదలైన అధ్యయనంలో, రైతులు ఆ పద్ధతిలోనే ఎందుకు సాగు చేస్తున్నారో, దాన్ని మానుకుంటే వారి రాబడి ఏమవుతుందో జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించారు. సుదీర్ఘ చర్చల తర్వాత 18 నుంచి 30 ఏళ్ల ఒప్పందాలు కుదిరాయి. రైతులు మొక్కజొన్నను, రసాయన మందులను వదిలి, పేడను కంపోస్టు చేయడానికి ఒప్పుకున్నారు. మార్పు జరిగే తొలి ఏళ్లలో వారి ఆదాయం పడిపోకుండా కంపెనీ హెక్టారు లెక్కన డబ్బు చెల్లించి, కొత్త కొట్టాలు, పరికరాల ఖర్చు భరించి, తాను కొన్న భూములను సాగుకు వారికే ఉచితంగా ఇచ్చింది. ఇందులో దాతృత్వం పాలు తక్కువే. ఊట పాడైతే వ్యాపారమే లేదు కదా! నాకు నచ్చిందీ అదే: ఎవరి అవసరం ఏమిటో ఇరుపక్షాలకూ తెలిసిన చోట బేరం సూటిగా సాగుతుంది.

అదే విట్టెల్‌లో తర్వాతి కాలంలో భూగర్భ జలమట్టం తగ్గిపోతోందని స్థానికులు ఆందోళనకు దిగారు. పాత ఒప్పందాలు నీటి నాణ్యత గురించి రాసుకున్నవి. కంపెనీ ఎంత నీరు తోడుకోవచ్చన్నది వాటి పరిధిలోని విషయం కాదు.

మరో ఉదంతం బంగ్లాదేశ్‌ది. అక్కడ 2013 ఏప్రిల్ 24న దుస్తుల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించిన తర్వాత, అంతర్జాతీయ దుస్తుల కంపెనీలు కార్మిక సంఘాలతో భవన భద్రతపై చట్టబద్ధమైన ఒప్పందం చేసుకున్నాయి. కంపెనీలు సొంతంగా జరిపించుకునే తనిఖీలు అంతకుముందూ ఉన్నాయి. ఈసారి ఒప్పందం అమలును చూసే నిర్వహణ సంఘంలో కార్మికుల పక్షానికి సమాన స్థానాలు, మాట తప్పిన కంపెనీపై మధ్యవర్తిత్వానికి వెళ్లే హక్కు దక్కాయి.

కాబట్టి ఇటువంటి కార్యక్రమాల వార్తలు ప్రచురించేటప్పుడు, ఒప్పందం కాగితంపై ఉందా, అందులో స్థానికుల తరఫున ఎవరు సంతకం చేశారు, అది ఎన్నేళ్లు అమల్లో ఉంటుంది అన్న మూడు ప్రశ్నలు మీ విలేకరులు సంస్థలను అడిగి, వచ్చిన జవాబులను ఫొటో పక్కనే అచ్చువేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు