స్ప్రింగుల కిట్టు అటక మీదే ఉంది

సత్యనారాయణపురం, విజయవాడ

చి. బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఆవకాయ కలిపాను. నువ్వు ఫోన్ ఎత్తితే ఎలా పంపాలో అడిగేదాన్ని.

నిన్న సుగుణ పిన్ని వచ్చింది. నువ్వు ఉద్యోగం మానేసి పిల్లలకి ఎలక్ట్రానిక్స్ కిట్లు చేసి అమ్ముతావట, వాళ్ళవాడు చెప్పాడట. నేనేం నమ్మలేదులే. జాడీల కోసం అటక ఎక్కితే చిన్నప్పుడు నువ్వు సర్క్యూట్లు కట్టిన స్ప్రింగుల కిట్టు కనబడింది. సగం స్ప్రింగులు తుప్పు పట్టాయి.

వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ కొనమని ఎంత ఏడ్చేవాడివి! మొన 300 డిగ్రీలు దాటే వస్తువు ఎనిమిదేళ్ళవాడి చేతికి ఎవరిస్తారు? స్ప్రింగు వంచి సందులో వైరు దూర్చితే అదే పట్టుకునేది.

ఆ రేడియో గుర్తుందా? డాబా మీద ఏరియల్ కట్టావు, ఎర్త్ వైరు బోరింగు పంపుకి చుట్టావు. అట్ట గొట్టానికి చుట్టిన రాగి తీగ, జెర్మేనియం డయోడ్, ఇయర్‌ఫోన్, అన్నీ స్ప్రింగులకే. బ్యాటరీ అక్కర్లేదమ్మా, స్టేషన్ నుంచి వచ్చే తరంగాలే చాలని నాకు పాఠం కూడా చెప్పావు. తీరా చెవిలో పెట్టుకుంటే చడీచప్పుడూ లేదు. డయోడ్ తిప్పి పెట్టావు, అమ్మిన షాపువాణ్ణి తిట్టావు, అన్నం మానేశావు. మీ తాతయ్య మాత్రం తాపీగా భోంచేసి, గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి తీగ కొసలు గీకారు. "పైన ఎనామిల్ పూత ఉందిరా, అది పోనిదే కరెంటు దాటదు" అన్నారు. మళ్ళీ స్ప్రింగులో పెట్టగానే విజయవాడ కేంద్రం పలికింది. ఇయర్‌ఫోన్ నీకు దక్కితేగా! వార్తలయ్యేదాకా ఆయన చెవిలోంచి తీయలేదు. నువ్వు మళ్ళీ ఏడుపు.

ఎవరైనా కిట్లు చేస్తే (నీ సంగతి కాదు) వైర్లు గుచ్చే రంధ్రాల పలక, అదే బ్రెడ్‌బోర్డ్, ముందే ఇవ్వకూడదు. లోపల ఐదేసి రంధ్రాలు కలిసి ఉంటాయని పసివాళ్ళకేం తెలుసు? కరెంటును అదుపు చేసే రెసిస్టర్ రెండు కాళ్ళూ ఆ ఐదింట్లోనే గుచ్చితే అది ఉన్నా లేనట్టే. బ్యాటరీ 9 వోల్టులూ మీద పడి ఎల్‌ఈడీ టప్పున పోతుంది. స్ప్రింగులైతే ఏది దేనికి తగిలిందో కంటికి కనిపిస్తుంది. తుప్పు పట్టని రకం వేయమను, ఆ చేసేవాళ్ళెవరో.

ఉద్యోగం మాత్రం వైరు పీకి ఇంకో స్ప్రింగులో పెట్టినంత తేలిక కాదు నాయనా. ఫ్లాట్ లోను ఉంది. పీఎఫ్ డబ్బు ముట్టుకోకు. కంపెనీ ఇన్సూరెన్స్ ఎన్నాళ్ళు వస్తుందో ముందే కనుక్కో. మీ నాన్న కొలువు వదిలి జిరాక్స్ షాపు పెట్టినప్పుడు నేను పడ్డ టెన్షన్... సరే, క్లాసు పీకకూడదనే మొదలుపెట్టాను.

ఆయనకింకా చెప్పలేదు. ఆదివారం పొద్దున రైతుబజారుకి వెళతారు, అప్పుడు ఫోన్ చెయ్యి. రాత్రిళ్ళు నూడుల్స్ మానేసి పెరుగన్నం తిను.

అమ్మ