ముసలితనం ఆగకుండా చావు ఒక్కటే ఆగితే అది వరం కాదు

సంపాదకులకు నమస్కారం.

చావు లేకుండా బతకడం వరమా, శాపమా అన్న ప్రశ్న మీద పాఠకులు రాస్తున్న ఉత్తరాలు శ్రద్ధగా చదువుతున్నాం. శాపమన్నవాళ్లు అశ్వత్థామను చూపిస్తున్నారు, వరమన్నవాళ్లు మార్కండేయుణ్ణి చూపిస్తున్నారు. ఇద్దరికీ చావు లేని మాట నిజమే. కానీ ఒకడు నుదుటి మణి పోయిన పుండుతో, చీమూ నెత్తురూ కారుతూ అడవుల్లో తిరిగేవాడు. ఇంకొకడు పదహారేళ్ల దగ్గరే ఆగినవాడు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి అడిగితే జవాబు ఎప్పటికీ తేలదు. వృద్ధుల వైద్యంలో, కణజీవశాస్త్ర బోధనలో ఉన్న మా అభిప్రాయం ఇది: ముసలితనం ఆగి ఆయుష్షు పెరిగితే అది వరమే. ముసలితనం సాగుతూనే ఉండి చావు మాత్రం వెనక్కి జరిగితే అది శాపం. నేటి వైద్యం బాగా చేయగలుగుతున్నది ఈ రెండో పనే.

ముందు శాశ్వతం అన్న ఆశ సంగతి చూద్దాం. బెంజమిన్ గాంపర్ట్జ్ అనే బ్రిటిష్ బీమా గణకుడు 1825లో మరణాల పట్టికల్లో ఒక క్రమాన్ని పట్టుకున్నాడు. పెద్దవాళ్లమయ్యాక, ఏడాదిలోపు చనిపోయే ముప్పు నిర్ణీత కాలానికి ఒకసారి రెట్టింపవుతూ పోతుంది. నేటి లెక్కల్లో ఆ కాలం సుమారు ఎనిమిదేళ్లు. నలభయ్యో ఏట ఉన్న ముప్పు నలభై ఎనిమిదికి రెండింతలు, యాభై ఆరుకు నాలుగింతలు, ఎనభైకి ముప్పై రెండింతలు. లెక్కల భాషలో ముసలితనమంటే ఈ రెట్టింపే. జబ్బులకు ఎంత మంచి మందులొచ్చినా దీని వేగం పెద్దగా మారలేదు. 122 ఏళ్ల 164 రోజులు బతికిన ఫ్రాన్సు మహిళ జీన్ కాల్మెంట్ 1997లో కన్నుమూశారు. ఆ వయసును ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

ఈ రెట్టింపును రేపు ఎవరైనా ఆపేశారనే అనుకుందాం. అప్పుడు కూడా చావు ఉంటుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. 140 కోట్ల జనాభాలో అది ఏటా సుమారు 8,300 మందికి ఒకరు. మరే జబ్బూ లేకపోయినా, ఈ ఒక్క కారణమే సుమారు 5,750 ఏళ్లలో సగం మందిని తీసుకుపోతుంది. డెంగీ, కరెంటు షాకు, వరద, అగ్నిప్రమాదం అన్నీ కలిపి ఏడాదికి వెయ్యి మందిలో ఒకరు అనుకుంటే, సగం మంది 690 ఏళ్లకే పోతారు. కాబట్టి విజ్ఞానం ఏనాటికైనా ఇవ్వగలిగింది అమరత్వం కాదు, ముసలితనం లేని పొడవాటి బతుకు. అది మాకు చాలు. అంతకన్నా ఎక్కువ అడిగేవాళ్లు ముందు రోడ్లు బాగుచేయమని అడగాలి.

ఆ పొడవాటి బతుకైనా ఎందుకు అంత కష్టం? 1961లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మనిషి కణాలను గాజుపాత్రల్లో పెంచి చూశారు. అవి 40 నుంచి 60 సార్లు విడిపోయి, ఆ తర్వాత ఆగిపోయాయి. క్రోమోజోముల కొసల్లో టెలోమియర్లనే భాగం ప్రతి విభజనకూ కొంత తరిగిపోతుందనీ, దాన్ని మళ్లీ పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైము ఒకటుందనీ తర్వాత తేలింది. ఆ పరిశోధనకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ ఎంజైమును ఒళ్లంతా పనిచేయిస్తే సరిపోదా అని విద్యార్థులూ అడుగుతారు, రోగులూ అడుగుతారు. కేన్సర్ చేసేది సరిగ్గా ఆ పనే. పది కేన్సర్లలో ఎనిమిది తొమ్మిదింటిలో టెలోమరేజ్ మేలుకొని ఉంటుంది. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార కేన్సర్ నుంచి తీసిన కణాలు హీలా కణాలన్న పేరుతో ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. ఆమె మాత్రం అదే ఏడాది అక్టోబరులో 31 ఏళ్లకే చనిపోయింది. విభజనకు హద్దు ఉండటం కేన్సర్‌కు అడ్డుకట్ట. హద్దు తీసేస్తే కణితి, ఉంచితే మరమ్మతు కుంటుపడటం. ఈ రెంటి మధ్య ఇరుకు దారి వెతకడమే వృద్ధాప్య పరిశోధన.

దానికన్నా గట్టి చిక్కు, ఎప్పటికీ కొత్తవి రాని భాగాలది. కంటి కటకం నడిమధ్యలోని క్రిస్టలిన్ ప్రొటీన్లు తల్లి కడుపులో ఉండగానే తయారవుతాయి, మళ్లీ మారవు. అవి పాడై ముద్దకడితే శుక్లం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు పోతే తిరిగి మొలవవు. ధమనులకు సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ చాలావరకు ఎదిగే వయసులోనే తయారవుతుంది. అది తెగేకొద్దీ గొట్టం బిరుసెక్కుతుంది, పై బీపీ ఎగబాకుతుంది, కింది బీపీ పడిపోతుంది. డెబ్బై దాటినవాళ్లలో 170/70 లాంటి అంకె కనిపించడానికి ఒక ముఖ్య కారణం ఇదే. గుండె కండర కణాలు యవ్వనంలో ఏడాదికి ఒక శాతం, ముసలితనంలో అరశాతం మాత్రమే కొత్తవవుతాయి.

కటకాన్ని తీసి కొత్తది పెట్టొచ్చు. చెవికి మిషన్, మోకాలికి కృత్రిమ కీలు ఉన్నాయి. మెదడుకు ఏం పెడతాం? హైడ్రా అనే చిన్న నీటిజీవికి ముసలితనం రాదు. దాని మూలకణాలు (ఏ రకం కణంగానైనా మారగల స్టెమ్ సెల్స్) ఒళ్లంతటినీ ఎప్పటికప్పుడు కొత్తది చేస్తూ ఉంటాయి. దానికి గుర్తుంచుకోవలసిన భాషా లేదు, బంధువులూ లేరు. మనిషి మెదడులో కణాలన్నీ అలా మార్చేస్తే, బతికి ఉన్నది ఆ మనిషేనని ఎవరు చెప్పగలరు? అమరత్వానికి అసలు అడ్డంకి ఇదేనని మా నమ్మకం.

ఈ సంగతులు తెలియకపోవడం వల్ల జనం డబ్బూ ఆరోగ్యమూ రెండూ పోగొట్టుకుంటున్నారు. వయసును వెనక్కి తిప్పుతామనే ప్రకటనలు హైదరాబాద్ నగరంలో పెరిగాయి. గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు కండను కాస్త పెంచుతాయి, బలాన్ని మాత్రం ఆ మేరకు పెంచవు. కాళ్లవాపు, కీళ్లనొప్పులు, షుగరు తెస్తాయి. పైగా ఆ హార్మోన్ లేకుండా పుట్టిన చుంచెలుకలే మామూలువాటికన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. కణాలు శక్తి తయారుచేసుకోవడానికి వాడే ఎన్‌ఏడీ అనే రసాయనాన్ని కలిపి ఎక్కించే సెలైన్లు మనిషి ఆయుష్షు పెంచుతాయనడానికి రుజువు లేదు. మూలకణాల విషయంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. కొన్ని జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడి వంటివి తప్ప మిగతాదంతా ప్రయోగమే. ప్రయోగంలో చేరిన మనిషి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. బిల్లు వేశారంటే అక్కడే అనుమానించాలి. రాపమైసిన్ సంగతి వేరు, అది నిజంగా ఆశ పుట్టించిన మందు. 600 రోజుల వయసున్న చుంచెలుకలకు మొదలుపెట్టినా ఆయుష్షు మగవాటిలో 9 శాతం, ఆడవాటిలో 14 శాతం పెరిగిందని 2009లో తేలింది. అయితే అది కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందు. నోటిపూత, కొలెస్ట్రాల్, షుగరు పెరగడం దాని దుష్ఫలితాలు. క్షయ క్రిములు ఒంట్లో నిద్రాణంగా ఉన్నవాళ్లు ఇంతమంది ఉన్న దేశంలో, దాన్ని ఇంటర్నెట్‌లో చదివి కొనుక్కుని మింగడం ప్రాణాంతకం కావచ్చు.

ఇక విసుగు గురించి. వెయ్యేళ్లు బతికితే మొహం మొత్తుతుందన్న వాదన మాకు బలంగా కనిపించదు. యయాతి కొడుకు దగ్గర యవ్వనం పుచ్చుకుని వెయ్యేళ్లు అనుభవించాడు, కోరిక తీరేది కాదని తెలుసుకున్నాడు, పూరుడి యవ్వనం పూరుడికి తిరిగి ఇచ్చేశాడు. తిరిగి ఇచ్చే వీలు ఉంది కాబట్టి అతని కథ శాపంగా ముగియలేదు. అశ్వత్థామకు ఆ వీలు లేదు. చర్చలో ఎవరూ పట్టించుకోని తేడా ఇదే, దీని దగ్గరికి మళ్లీ వస్తాం. డబ్బు ఇబ్బంది మాత్రం నిజమైనది. ధరలు ఏటా 5 శాతం పెరిగితే, ఇవాళ వంద రూపాయలకొచ్చే సరుకు వందేళ్ల తర్వాత 13,150 రూపాయలవుతుంది. 61 ఏళ్లకు రిటైరై వడ్డీ మీద బతికే లెక్క అక్కడ నిలవదు.

మన చేతిలో ఉన్నది ఏమిటంటే, చివరి పదిహేనిరవై ఏళ్లలో పాడయ్యే క్రమాన్ని నెమ్మదింపజేయడం. దానికి మొదటి కొలత కాళ్ల బలం. గోడకు ఆనించిన మామూలు కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే కండ బలం తగ్గుతోందని అర్థం. పిడికిలి పట్టు మగవాళ్లలో 28 కిలోలు, ఆడవాళ్లలో 18 కిలోల కన్నా తగ్గినా అంతే. కేబీఆర్ పార్కులోనో ఇందిరా పార్కులోనో రోజూ గంట నడిచే పెద్దలు ఈ పరీక్షలో తప్పడం మామూలే. నడక గుండెకు మంచిది, షుగరుకు మంచిది, తొడ కండను మాత్రం పెంచదు. వారానికి రెండు మూడు రోజులు, విడతకు పదిసార్లు చొప్పున మూడు విడతలు కుర్చీలోంచి లేవడం చేయాలి. తేలికయ్యాక చేతికొక లీటరు నీళ్ల సీసా పట్టుకుని లేవాలి. బరువు పెంచకుండా ఏళ్ల తరబడి అదే చేస్తూ పోవడం వల్ల చాలామందికి ఫలితం రాదు.

కండకు ప్రొటీన్ కావాలి. కిడ్నీ జబ్బు లేని పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజూ 1 నుంచి 1.2 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, పావులీటరు పాలలో 8, ముప్పై గ్రాముల కందిపప్పులో సుమారు 7, వంద గ్రాముల కోడిమాంసంలో 20కి పైగా ఉంటాయి. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం పల్చటి పప్పుచారు, రాత్రి పెరుగన్నంతో ఈ లెక్క పూర్తికాదు. పైగా వయసు పెరిగాక కండ ప్రొటీన్‌కు మందకొడిగా స్పందిస్తుంది. అందుకే రాత్రి ఒక్కపూటే కాకుండా మూడు పూటలా 20 గ్రాములకు తగ్గకుండా పంచుకోవాలి.

ఎందుకింత పట్టుబడుతున్నామంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు పది రోజులు మంచం దిగకుండా పడుకుంటే కాళ్లలో దాదాపు కిలో కండ పోతుంది. తుంటి ఎముక విరిగితే, సరైన వైద్యం అందినా దాదాపు ఐదుగురిలో ఒకరు ఏడాదిలోపే పోతారు. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకని ఇంట్లోవాళ్లు ఆగిపోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. 48 గంటల్లో ఆపరేషన్ చేసి మర్నాడే నిలబెడితే బతికే అవకాశం మెరుగు. మంచాన ఉంచేస్తే న్యుమోనియా, పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు వరసపెడతాయి. పడిపోవడం ఎక్కువగా రాత్రి బాత్రూముకు లేచినప్పుడు జరుగుతుంది. ప్రొస్టేట్ మాత్ర, బీపీ మాత్ర, నిద్రమాత్ర మూడూ వేసుకునేవాళ్లకు లేవగానే బీపీ పడిపోవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ మొదటి నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 తగ్గితే మాత్రలు సొంతంగా ఆపకుండా డాక్టరుకు ఆ అంకెలు చూపించండి. బాత్రూములో పట్టుకునే కమ్మీ గోడలోకి బోల్టులతో బిగించినదై ఉండాలి. పడబోయేవాళ్ల చేతికి టవల్ కమ్మీ దొరికితే అదీ ఊడి వస్తుంది.

చివరగా, తిరిగి ఇచ్చే వీలు. కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉంచడం మనం సొంతంగా తయారుచేసుకున్న అశ్వత్థామ స్థితి. దాన్ని ముందే వద్దనే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది, విధానాన్ని 2023 జనవరి 24న సులభం చేసింది. పద్దెనిమిదేళ్లు నిండి, తెలివిలో ఉన్న ఎవరైనా అలా ముందే వద్దని చెప్పే పత్రం, అంటే లివింగ్ విల్, రాయొచ్చు. ఏ స్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా రాయాలి, తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు పెట్టాలి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరించుకోవాలి. సమయం వచ్చినప్పుడు ఆస్పత్రిలో వైద్యం చేస్తున్న డాక్టరుతో పాటు ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణుల బోర్డు, ఆపైన జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరున్న రెండో బోర్డు చూస్తాయి. ఒక్కొక్కటీ వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. అమలుకు ముందు మెజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఇందులో ఎవరినీ చంపడం లేదు. నొప్పి తగ్గించే వైద్యం చివరి క్షణం దాకా సాగుతుంది. జనం చేసే తప్పు, కాగితం రాసి బీరువాలో తాళం వేయడం. ఐసీయూ తలుపు దగ్గర అది చేతిలో లేకపోతే లేనట్టే. ఇంకో తప్పు, "మిషన్లు వద్దు" అని ఒక్క ముక్క రాయడం. న్యుమోనియాకు నాలుగు రోజుల వెంటిలేటర్‌తో లేచి తిరిగే మనిషికి కూడా ఆ మాట అడ్డమవుతుంది.

ఈ పత్రం కాపీని స్థానిక సంస్థ నియమించిన అధికారి దగ్గర భద్రపరచాలని కోర్టు చెప్పింది. హైదరాబాద్‌లో ప్రతి సర్కిల్ కార్యాలయం ముందు ఆ అధికారి హోదా, గది నంబరు, పత్రాలు తీసుకునే వేళలు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషుల్లో బోర్డు మీద రాయాలని నగరపాలక సంస్థను కోరుతున్నాం. పత్రం నమూనాను మీ పత్రికలో ఒక పూర్తి పేజీ ప్రచురించాలని మిమ్మల్ని కోరుతున్నాం.

ఇట్లు,
వృద్ధుల వైద్యులు, కణజీవశాస్త్ర అధ్యాపకులు కొందరు,
హైదరాబాద్