మూడో పట్టీ పడిన అబ్బాయికి

మిలిటరీ మాధవరం

చిరంజీవి చిన్నబ్బాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. హవల్దార్ అయ్యానని మొన్న రాత్రి రెండు ముక్కల్లో చెప్పి ఫోన్ పెట్టేశావు. తెల్లారేసరికి మీ అమ్మ వీధి చివరిదాకా చెప్పొచ్చింది. ఎక్కడున్నావో నేను అడగలేదు, అడగను కూడా. కేరాఫ్ 56 ఏపీఓ అని ఆర్మీ పోస్టాఫీసు నంబరు రాస్తే ఉత్తరం నీకు చేరుతుంది, నాకది చాలు.

ప్రమోషన్ కోర్సు కేడర్ పాసవ్వాలి, మెడికల్ కేటగిరీ బాగుండాలి, సీనియారిటీ రావాలి, ఖాళీ ఉండాలి. ఇవన్నీ కుదిరితేగానీ చేతి మీద హవల్దార్ మూడో పట్టీ పడదు. అందుకే "ఊరికే వచ్చింది నాన్నా" అంటే నేను నమ్మను.

మన ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లో పట్టాళంలో చేసినవాడు ఉన్నాడు కాబట్టి హవల్దార్ అంటే ఎవరికీ వింత కాదు. కుర్రాళ్లకు వెర్రంతా మీ పారా కమాండోల మెరూన్ టోపీ మీదే. 2019 వరల్డ్ కప్‌లో ధోనీ గ్లవ్స్ మీద మీ బలిదాన్ గుర్తు కనబడి, ఐసీసీ కుదరదన్న దగ్గర్నుంచి ఆ బ్యాడ్జి తెలియని పిల్లాడు లేడు. నీ ఫొటోతో ఫ్లెక్సీ కడతామని నలుగురు వచ్చారు. వద్దన్నాను. "మనోడి సంగతి ఊరికి తెలియొద్దా బాబాయ్" అన్నాడొకడు. టీ ఇచ్చి, 2020లో ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమని ఆర్మీ ఎందుకు చెప్పిందో వివరించి, వాడి ఫోన్లో ఉన్న నీ ఫొటో కూడా తీయించాను. వాడు అలిగాడు, అలగనీ.

నేను హవల్దార్ అయినప్పుడు ఫిరంగి దళంలో గన్ మీద నంబర్ వన్‌ని, అంటే ఆ గన్ పేల్చే జట్టుకు, డిటాచ్‌మెంట్‌కు, పెద్దని. నా ఉద్యోగమే అరవడం. ఆ మోతలో నా ఆర్డర్ డిటాచ్‌మెంట్‌లో అందరికీ వినబడాలి. రిటైరై ఇన్నేళ్లయినా మీ అమ్మ నన్ను మెల్లగా మాట్లాడమనే అంటుంది. నీ పని దానికి పూర్తిగా ఎదురు. అడవిలో చెయ్యి ఎత్తితే ఆగాలి, దించితే కదలాలి. నీతో ఉన్న ప్రతివాడూ కమాండోగా తీసుకునే ముందు పెట్టే ప్రొబేషన్‌లో నీలాగే నలిగి నిలబడినవాడు. నిన్నటిదాకా పక్కన నడిచినవాళ్లకు ఇవాళ నువ్వు పెద్ద. పట్టీ చూపించి వాళ్ల చేత పని చేయించలేవు, వాళ్లు పట్టీని చూడరు, నిన్ను చూస్తారు.

లాన్స్ నాయక్ మోహన్ నాథ్ గోస్వామి గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. 9 పారా ఎస్ఎఫ్ (స్పెషల్ ఫోర్సెస్) వాడు. 11 రోజుల్లో 3 ఆపరేషన్లకు వెళ్లాడు. 2015 సెప్టెంబరులో కశ్మీర్‌లోని హంద్వారా అడవుల్లో, దెబ్బతిని పడిపోయిన తోటివాళ్లను కాపాడటానికి ముందుకెళ్లి ప్రాణం ఇచ్చాడు. ఉన్నది ఒక్క పట్టీయే. తర్వాతి జనవరి 26న అతని భార్య అశోక చక్ర అందుకుంది. నేను ఆలోచించేది ఆ పతకానికి ముందు జరిగిన పని గురించి. అతను ఆ రాత్రి ఏం చేశాడో చూసినవాళ్లు చెప్పారు, ఎవరో కూర్చుని వివరంగా రాశారు, అది పైదాకా వెళ్లింది. చూసినవాళ్లు మౌనమే గొప్ప అనుకుని ఊరుకుంటే?

ఇక్కడే నీతో నాకు పేచీ. నీ గురించి నువ్వు చెప్పుకోవు, అది మంచిదే. కానీ నీ వాళ్ల గురించి కూడా చెప్పకపోతే అది నిరాడంబరత కాదు, బద్ధకం. ఒకడు బాగా చేస్తే ఆ పేరు టీమ్ కమాండర్ చెవిన వెయ్యాల్సింది నువ్వే. ఒకడికి సెలవు వాయిదా పడుతూ ఉంటే సాబ్ ముందు నిలబడి అడగాల్సిందీ నువ్వే. నీకోసం ఎప్పుడూ అడగని నోరు కాబట్టి వాళ్లకోసం అడిగితే వింటారు.

అప్పటి మన చిత్తూరు జిల్లా సాయితేజ, త్రివిధ దళాల అధిపతి జనరల్ రావత్ దగ్గర భద్రతలో ఉన్నాడని 2021 డిసెంబరు 8న హెలికాప్టర్ కూలేదాకా మనలో ఎందరికి తెలుసు? ఆ రోజు మీ అమ్మ టీవీ కట్టేసి పడుకుంది. నీ ఫోన్ వచ్చేదాకా అన్నం ముట్టలేదు. మీలాంటివాళ్ల పేర్లు ఇళ్లల్లోనూ, కాగితాల్లోనూ ఉంటాయి. అందుకే కాగితాలు సరిగ్గా ఉండాలంటాను.

మా ఫిరంగి బ్యాటరీలో (యూనిట్‌లో) ఒక కుర్రాడు పోయాడు. పెళ్లైన సంగతి ఆర్మీ రికార్డులో రాసే పార్ట్ టూ ఆర్డర్‌లోకి ఎక్కలేదు. ఆ పిల్ల తాను భార్యనేనని రుజువు చేసుకోవడానికి చంటిబిడ్డను చంకనేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. నీ స్క్వాడ్‌లో ఒక్కొక్కడినీ కూర్చోబెట్టి అడుగు: పెళ్లి ఎక్కిందా, పిల్లలు ఎక్కారా, గ్రూప్ ఇన్సూరెన్స్‌లో నామినీగా ఇంకా అమ్మ పేరే ఉందా, బ్యాంకు ఖాతా భార్యతో కలిపి ఉందా. నవ్వుతారు, "ఉస్తాద్, ఇప్పుడెందుకు" అంటారు. పట్టించుకోకు.

ముందు నీది చూసుకో. జూన్‌లో పుట్టిన పాప పేరు ఎక్కిందో లేదో కోడలిని అడిగితే తెలియదంది. ఎక్కకపోతే చెప్పు, పంచాయతీలో బర్త్ సర్టిఫికెట్ తీసుకుని స్పీడ్ పోస్టులో పంపిస్తాను.

మీ నాన్న