లైసెన్సు మీరిచ్చారు, అడిగే చోటు కూడా మీరే చూపించాలి: రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రిజర్వు బ్యాంకు గవర్నర్ శ్రీ సంజయ్ మల్హోత్రా గారికి నమస్కారాలు.

నేను నరసరావుపేటలో దస్తావేజులు రాసుకుని బతికే మనిషిని. అమ్మకాలు, పంపకాలు, గిఫ్టు డీడ్లతో పాటు ఈమధ్య మా దగ్గరికి తాకట్టు కాగితాలు బాగా వస్తున్నాయి. ఇంటి కోసం అప్పు తీసుకున్నవాళ్లు ఒరిజినల్ దస్తావేజులు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి అప్పజెప్పి, అప్పజెప్పినట్టు మెమోరాండం రిజిస్టరు చేయిస్తారు. ఆ పని దగ్గర నా కళ్ల ముందు జరుగుతున్నది మీ దృష్టికి తేవాలని, ముఖ్యంగా ఆ కంపెనీల మీద ఫిర్యాదు చేసుకునే చోటు చూపించమని అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి బ్యాంకులో హోమ్ లోన్ దొరకదు. జీతం స్లిప్పు, ఐటీ రిటర్నులు, అప్రూవ్డ్ ప్లాను తెమ్మంటారు. టిఫిన్ బండి నడిపేవాళ్లకు, లారీ మెకానిక్కుకు, ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడకు అవెక్కడివి? వాళ్ల రోజువారీ రాబడి చూసి, ఇల్లు చూసి అప్పిచ్చేది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలే. వడ్డీ బ్యాంకు కంటే ఎక్కువే ఉంటుంది. అయినా బయట నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి తెచ్చుకోవడం కన్నా ఎంతో నయం. కాబట్టి ఆ కంపెనీలు వద్దని నేననను. వాటి వల్ల సొంతింట్లోకి వెళ్లిన కుటుంబాలు మా పేటలోనే బోలెడున్నాయి.

ఆ కంపెనీలకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇచ్చేది మీరు. 2019 ఆగస్టు దాకా ఆ అధికారం నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు ఉండేది, చట్టం మార్చి మీకు అప్పగించారు. మంచి నిబంధనలు పెట్టారు కూడా. 2024 అక్టోబరు నుంచి అప్పు తీసుకునేవాళ్లకు ముఖ్య వివరాల పత్రం, అదే కేఎఫ్‌ఎస్, ఇచ్చి తీరాలన్నారు. అసలు వడ్డీ ఎంత, ఫీజులన్నీ కలిపితే సాలుకు ఎంత శాతం పడుతుంది అన్నీ అందులో ఉండాలి. అది అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, చదివి వివరించాలి, అర్థమైందని సంతకం తీసుకోవాలి. ఆలోచించుకోవడానికి కనీసం 3 పనిదినాల గడువు ఉండాలి. ఆ పత్రంలో లేని చార్జీ ఏదీ, అప్పు తీసుకున్నవాళ్లు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప, తర్వాత వసూలు చేయకూడదు. ఇంతకంటే మంచి నిబంధన ఎవరు పెడతారు?

మరి సంతకాల రోజు ఏం జరుగుతోందో వినండి. అగ్రిమెంటు అరవై డెబ్బై పేజీలుంటుంది, మొత్తం ఇంగ్లీషు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిలుతో ఇంటూ మార్కు కొట్టి ఉంటుంది. కమీషన్ మీద పనిచేసే కుర్రాడు పేజీలు తిప్పుతూ పోతుంటే భర్త సంతకాలు పెడుతూ పోతాడు. కో-అప్లికెంటుగా పెట్టిన భార్య తెలుగులో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెడుతుంది. మొన్న ఒకావిడ మధ్యలో పెన్ను ఆపి, "బాబూ, ఇందులో ఏం రాసుంది?" అని అడిగింది. "అన్నీ మామూలేనమ్మా, అందరూ పెట్టేవే" అన్నాడతను. ఆవిడ నా వైపు తిరిగి, "మీరైనా చెప్పండన్నయ్యా" అంది. కేఎఫ్‌ఎస్ వెతికితే కట్ట మధ్యలో ఉంది. అదీ ఇంగ్లీషులోనే. దాని కింద, నాకు అర్థమయ్యే భాషలో వివరించారు అని అచ్చేసిన చోట ఆవిడ సంతకం అప్పటికే పడిపోయింది. మూడు రోజులు కాదు కదా, మూడు నిమిషాలు కూడా ఆ కాగితం ఆవిడ చేతిలో లేదు.

మా ఊరి పిల్లలు టెక్సాస్‌లో ఇల్లు కొనుక్కుంటుంటారు. అక్కడ ఇళ్ల అప్పులిచ్చే కంపెనీకి రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది. ఆ కంపెనీలో లోన్ చూసే ఆఫీసరుకు కూడా విడిగా లైసెన్సు, నంబరు ఉంటాయి. ఆ నంబరు ఆన్‌లైన్‌లో కొడితే అతను ఎక్కడ పనిచేశాడో, అతని మీద ఏమైనా చర్యలున్నాయో ఎవరైనా చూసుకోవచ్చు. చివరి లెక్కల కాగితం సంతకాలకు 3 పనిదినాల ముందే చేతికి రావాలి. మన కుర్రాడికి నంబరు లేదు. రేపు వేరే కంపెనీలో చేరిపోతే అతను చెప్పిన మాటకు ఎవరూ జవాబుదారీ కారు.

ఇక వడ్డీ సంగతి. ఫ్లోటింగ్ రేటు, అంటే మధ్యలో మారే వడ్డీ, ఏమిటో మావాళ్లకు తెలిసేది వడ్డీ పెరిగాకే. ఒక లెక్క చెబుతాను. 20 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకు వాయిదా దాదాపు 17,995 రూపాయలు. మొదట్లోనే వడ్డీ 10 శాతానికి పెరిగి, వాయిదా మాత్రం అంతే ఉంచితే, 240 నెలల్లో తీరాల్సిన అప్పు దాదాపు 314 నెలలు నడుస్తుంది. ఒక్క శాతానికి ఆరేళ్లు! అదే 11 శాతమైతే నెల వడ్డీయే 18,333 అవుతుంది. అంటే కట్టే వాయిదా వడ్డీకి కూడా చాలదు, అసలు పెరుగుతూ పోతుంది. అలా జరగకూడదని, రేటు మారినప్పుడు వాయిదా పెంచుకుంటారా, గడువు పొడిగించుకుంటారా అని కస్టమర్‌నే అడగాలని 2023 ఆగస్టులో మీ సంస్థే ఆదేశం ఇచ్చింది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో "మమ్మల్ని అడిగారు" అన్నవాళ్లు నాకు తగల్లేదు. గడువు పెరిగిందని ఎస్‌ఎంఎస్ వస్తుంది, అదీ ఇంగ్లీషులో. చదివి పెట్టమని ఫోను నాకిస్తారు.

తగ్గేటప్పుడు మరో బాధ. బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ హోమ్ లోన్లను రెపో (బ్యాంకులకు మీరు అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలని 2019 అక్టోబరు నుంచి అమలు చేశారు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు, తమ సొంత రేటు తామే లెక్కగట్టుకుంటాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5 శాతానికి పెరిగితే ఆ బరువు మావాళ్ల మీద వెంటనే పడింది. 2025లో అదే రెపో 5.25కు దిగింది. ఆ దిగుదల బ్యాంకు అప్పున్న టీచరు గారికి దానంతటదే వచ్చింది. టిఫిన్ బండి ఆయన మాత్రం బ్రాంచికి తిరిగి, రేటు మార్పించుకోవడానికి కన్వర్షన్ ఫీజు కట్టి తెచ్చుకోవాలి. అసలు అలా అడగొచ్చని తెలిస్తే కదా!

అప్పు తీరాక కాగితాలు 30 రోజుల్లో తిరిగివ్వాలి, లేకపోతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలి అని మీరు పెట్టిన నియమం మా పనిలో చాలా మార్పు తెచ్చింది. అది నిజం, అందుకు కృతజ్ఞతలు. అయితే దస్తావేజులు తిరిగొచ్చినా, ఆస్తి మీదున్న లావాదేవీలు చూపించే ఈసీలో తాకట్టు అలాగే కనబడుతున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. రిజిస్టరైన తాకట్టును కూడా ఆ 30 రోజుల్లోనే తీసేయాలని మీ ఆదేశంలోనే ఉంది. రిలీజు డీడుకు కంపెనీ మనిషి వచ్చి సంతకం పెట్టాలి, అతను రేపు మాపు అంటుంటాడు. కూతురి పెళ్లికని ఇల్లు అమ్మకానికి పెట్టుకున్న పెద్దాయన ఆ ఒక్క సంతకం కోసం బేరం పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ బాధలు ఎవరికి చెప్పుకోవాలి? సోమవారం కలెక్టరేటులో అర్జీ పెడితే మా పరిధి కాదంటారు. వాళ్ల తప్పూ లేదు. కేరళ, గుజరాత్ వడ్డీ వ్యాపార చట్టాల విషయంలో 2022 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీ అజమాయిషీలో ఉన్న ఫైనాన్స్ కంపెనీల మీద రాష్ట్ర చట్టాలు చెల్లవని తేల్చింది. అంటే బాధ్యత పూర్తిగా మీది. మీ దగ్గరికి వద్దామంటే, 2021 నవంబరులో పెట్టిన సమగ్ర అంబుడ్స్‌మన్ (కస్టమర్ల ఫిర్యాదులు విచారించే అధికారి) పథకంలో ఫైనాన్స్ కంపెనీలను చేర్చి హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలను మాత్రం మినహాయించారు. బంగారం మీద, బండి మీద అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ తప్పు చేస్తే ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, అంబుడ్స్‌మన్ పరిహారం ఇప్పించవచ్చు. జీవితమంతా కూడబెట్టిన ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లకు ఆ దారి లేదు. వాళ్లు ఢిల్లీలోని నేషనల్ హౌసింగ్ బ్యాంకు పోర్టల్‌లో రాసుకోవాలి. అంబుడ్స్‌మన్‌లా విచారించి పరిహారం ఇప్పించేవాళ్లు అక్కడ లేరు.

ఈలోగా 90 రోజులు వాయిదాలు ఆగితే తాకట్టు ఆస్తిని కోర్టుకెళ్లకుండానే స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వచ్చేస్తుంది. ఇల్లు స్వాధీనం చేసుకున్నాక 45 రోజుల్లోపు అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మన రెండు రాష్ట్రాలకూ అవి హైదరాబాదులో, విశాఖపట్నంలో ఉన్నాయి. వకీలు ఫీజు, బస్సు చార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు? ఇంకో మాట చెప్పాలి గవర్నర్ గారూ. స్వాధీనం ప్రకటన స్థానిక భాషా పత్రికలో కూడా వేయాలని ఆ చట్టం కింది రూల్సులో ఉంది. అప్పు కాగితం ఒక్కటీ తెలుగులో చూడని కుటుంబం, తమ ఇంటి నంబరు, నాలుగు వైపులా హద్దులు తెలుగులో చదువుకునేది ఆ పేపరు ప్రకటనలోనే.

అందుకని నేనడిగేది ఇది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు అంబుడ్స్‌మన్ పథకంలో ఇచ్చిన మినహాయింపు తీసేయండి. తెలుగులో రాసిన ఫిర్యాదు తీసుకుని తెలుగులోనే జవాబిచ్చేలా చూడండి. కంపెనీ ప్రతి బ్రాంచిలో, కేఎఫ్‌ఎస్ మొదటి పేజీలో ఆ ఫిర్యాదు నంబరు పెద్ద అక్షరాల్లో వేయించండి. కేఎఫ్‌ఎస్ మనిషి చేతికిచ్చిన తేదీ, అగ్రిమెంటు తేదీ పక్కపక్కన రాయమనండి. రెండూ ఒకే రోజైతే తనిఖీకి వచ్చిన మీ అధికారికి అక్కడే తెలిసిపోతుంది. రెపో తగ్గింపు ఈ కంపెనీల పాత కస్టమర్లకు కూడా అడగకుండానే అందే ఏర్పాటు చేయండి.

మీ అధికారిని ఒకరిని ఏ పనిదినమైనా మా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరికి పంపండి. కంపెనీలకు ముందు కబురు పెట్టకండి. తాకట్టు మెమోరాండం కోసం వచ్చినవాళ్లను వరుసగా, "మీ వడ్డీ శాతం ఎంత, అది మారుతుందా, మారితే మీకెవరు చెప్పాలి?" అని తెలుగులో అడగమనండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని మీకు పంపమనండి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.